తాత కొరికిన కారు

దేవుడు భూమిని తయారుచేసిన రోజున మా తాతను పిలిచి ఒక్కసారి తట్టి చూడమని ఉంటే, ఈ లోకంలో భూకంపాలు ఉండేవి కావు. తాత దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న సుత్తితో అక్కడక్కడ తట్టి, "ఇక్కడ పలచబడింది. అక్కడ పుట్టీ మెత్తావు. సముద్రం కింద అసలు చూసుకోనే లేదు. పో, బాగుచేసి మళ్ళీ తీసుకురా" అని మొహం మీద చెప్పేసేవాడు. దేవుడు కూడా నోరు మూసుకుని మోసుకుపోయేవాడు. మోసుకుపోక ఏం చేస్తాడు? పాత కార్ల వీధిలో మా తాత "పోయింది" అన్న బండిని ఎవరూ కొనరు. "బతుకుతుంది" అన్న బండిని ఎవరూ వదలరు.

తాత అంటే మా అమ్మ వాళ్ళ నాన్న. వయసులో ఉన్నంతకాలం కార్ల రేకుపని చేశాడు. సొట్టలు తీయడం, కుళ్ళిన చోట కోసి కొత్త రేకు అతకడం, అంతే ఆయనకు తెలిసిన లోకం. నడుము వంగాక ఆ పని తగ్గించి, పాత కార్ల మీద మోజుపడి కొనేవాళ్ళ వెంట వెళ్ళి, తుప్పు ఎక్కడుందో చూసి చెప్పే పని పట్టుకున్నాడు. వీధిలో అందరూ తుప్పు పెద్దాయన అంటారు. ఎదురుగా "పెద్దాయన" అంటారు, ఆయన అటు తిరగగానే ముందున్న మాట కలుపుతారు.

తాత ఒక కారు దగ్గరకు వెళ్తుంటే పాత పగవాడి గుమ్మం తొక్కుతున్నట్టే ఉంటుంది. ముందు దాని మొహం చూడడు. మెరుపంటే ఆయనకు పడదు. తలుపు తీసి, లోపల తల పెట్టి వాసన చూస్తాడు. తడిసి ఆరని బట్టల కంపు వస్తే సగం తీర్పు అక్కడే అయిపోయినట్టు. తర్వాత కాళ్ళ దగ్గర పరిచిన మ్యాట్ లేపుతాడు. తలుపు కింది అంచులో నీళ్ళు పోవడానికి కన్నాలుంటాయి కదా, వాటిలో చిటికెన వేలు దూర్చి, వేలికి అంటుకున్నది చూస్తాడు. నల్లటి దుమ్మైతే ఏమీ అనడు. ఎర్రగా పొడిపొడిగా వస్తే ఆ వేలును తీసుకెళ్ళి బండి అమ్మేవాడి చొక్కాకే తుడుస్తాడు. చొక్కా ఎంత తెల్లగా ఉంటే ఆయనకు అంత తృప్తి.

ఇదంతా అయ్యాక జేబులోంచి పుల్ల తీస్తాడు.

పుల్ల అంటే, విరిగిపోయిన చెక్కసుత్తి పిడిని జానెడు పొడవున సన్నగా చెక్కి పెట్టుకున్నాడు. దాని ఒక కొస దవడ పళ్ళ మధ్య కరుచుకుని, రెండో కొస కారు రేకుకు ఆనించి, పక్కనే చిన్న సుత్తితో తడుతూ పోతాడు. సిగరెట్ మానేశాక నోరు ఊరుకోక పుల్ల నములుతున్నాడని వీధి అంతా అనుకునేది. అది అబద్ధం. తాతకు చెవులు లేవు. ఏళ్ళ తరబడి రేకుల మీద సుత్తులు మోగించి మోగించి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో నోరు పెట్టి అరిస్తే మాట వినిపిస్తుంది, అంతే. తట్టిన చప్పుడు మాత్రం పుల్ల మీదుగా పళ్ళలోకి, పళ్ళ నుంచి పుర్రెలోకి వెళ్ళేది. గట్టి ఇనుమైతే పుర్రె నడిమధ్యలో ఖంగుమని ఒకే ఒక్క దెబ్బ. పుట్టీ అయితే మూట మీద కొట్టినట్టు దబ్. కుళ్ళిన ఇనుము మీద కొత్త రేకు అతికించి దాచేసి ఉంటే గలగల. చెవులు మందమని మా ఇంట్లోవాళ్ళకు తెలుసు కానీ, పళ్ళతో వింటాడని తెలిసింది ఒక్క మా అమ్మమ్మకే. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంట్లో పోట్లాటకు ఉన్న ఒకే ఒక్క ఆయుధం పోతుందని నా అనుమానం.

ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. తట్టడం ఎవరైనా తట్టవచ్చు. స్క్రూడ్రైవరుతో గుచ్చాలంటే మాత్రం, ఇక్కడ పోయింది అని ముందు నోటితో చెప్పాలి. చెప్పాక నలుగురి ముందూ గుచ్చాలి. లోపలికి దిగిందా, అమ్మేవాడు తల దించుకుంటాడు. దిగలేదా, గుచ్చినవాడు ఆ స్క్రూడ్రైవరును ఆ షెడ్డు గోడకే తగిలించి బయటికి నడవాలి. మళ్ళీ ఆ వీధిలో ఏ కారునూ గుచ్చకూడదు. అలా తగిలించి పోయినవాళ్ళ స్క్రూడ్రైవర్లు రెండు మూడు షెడ్లలో ఇప్పటికీ వేలాడుతున్నాయి. తాత స్క్రూడ్రైవరు మాత్రం ఎప్పుడూ పిడిదాకా దిగేది.

అలాంటి తాతకు ఒక పెయింటరు బావమరిది ఉన్నాడు. అంటే అమ్మమ్మకు సొంత తమ్ముడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేసేవాళ్ళు. తాత రేకు సరిచేస్తే ఆయన రంగు వేసేవాడు. కుళ్ళిన చోట కోసి కొత్తది వేయాల్సిందే అని తాత, పుట్టీ పెట్టి రంగేస్తే ఎవరికి తెలుస్తుంది అని పెయింటరు, రోజూ ఇదే గొడవ. చివరికి ఒకరోజు సుత్తి ఒకవైపు, రంగు డబ్బా ఒకవైపు ఎగిరాయి. షెడ్డు మధ్యలో రేకుల గోడ లేచింది. అప్పటినుంచి గోడకు అటు పెయింటరు, ఇటు తాత. పెయింటరు రోజూ పని మధ్యలో గోడ దగ్గరకు వచ్చి, గొంతెత్తి, బావగారి వంశాన్నీ సుత్తినీ కలిపి తిట్టేవాడు. ఇటునుంచి జవాబు రాదు. "పొగరు! మాట్లాడితే నోటి ముత్యాలు రాలిపోతాయి!" అని ఇంకా రెచ్చిపోయేవాడు.

ఎదురుపడినప్పుడు కూడా తాత ఆయనతో నేరుగా మాట్లాడడు. "మీ తమ్ముడు ఏం కూస్తున్నాడు?" అని అమ్మమ్మనే అడుగుతాడు. ఇదీ పొగరే అనుకునేవాళ్ళు. అసలు కారణం పెయింటరు మీసం. పాత బ్రష్షు తిరగేసి అతికించినట్టు పై పెదవినే కాదు, కింది పెదవిని కూడా కప్పేసే మీసం. పెదాలు చూసి మాటలు పట్టుకునే తాతకు ఆ మీసం వెనక ఏముందో ఎప్పటికీ తెలియదు.

ఇక మా పిన్ని. తాత చిన్నకూతురు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పేది. పక్క సీట్లో కూర్చుని, ఒక కాలు బ్రేకు మీద పెట్టుకుని, ఇంకొకరు స్టీరింగ్ తిప్పుతుంటే ప్రాణాలు అరచేతిలో పట్టుకుని బతికింది. ఆమెకు సొంతంగా ఒక పాత కాలపు కారు కావాలి. ఫొటోలు తీసేవాళ్ళకు, షూటింగులవాళ్ళకు తనే నడిపి అద్దెకు ఇస్తానంటుంది. ఊరంతా వెతికి చివరికి ఆమె మనసు పడ్డ కారు ఎవరి షెడ్డులో తేలింది? మేనమామ షెడ్డులో. ఇంకెక్కడైనా తేలి ఉంటే ఈ కథ లేదు.

"నాన్నా, కారు ఎవరిదో చూడకు. కారు చూడు," అంది పిన్ని, ఎడమ చెవి దగ్గర.

"వాడిదా? అయితే రానక్కర్లేదు. ఇక్కడ కూర్చునే చెప్తాను. పోయింది."

"నేను ఉద్యోగం మానేశాను నాన్నా."

తాత ఆమె పెదాల వంక కాసేపు చూశాడు. "కారు చూడకముందే మానేశావా? నీకు డ్రైవింగ్ నేర్పిందెవరు, మీ మామేనా?"

తిట్టాడే కానీ లేచి చెప్పులు వేసుకున్నాడు. పుల్ల, చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు జేబులో వేసుకున్నాడు. అమ్మమ్మ కూడా బయల్దేరింది. "మీ ఇద్దరి మధ్య మాటలు మోయడానికి ఒక కూలీ ఉండాలిగా" అంది.

కొత్తగా వచ్చిన ఇంకో వస్తువు కూడా ఆ రోజు తాత వెంట వెళ్ళింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దాని గురించి తర్వాత.

పెయింటరు షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. నేలంతా రంగుల మరకలు, గోడ పొడుగునా ఎండిపోయిన డబ్బాలు, మధ్యలో కారు. గుండ్రటి వీపు, గుండ్రటి కళ్ళు, మీగడ రంగు. పెయింటరు దాన్ని పాడుబడ్డ స్థితిలో తెచ్చి, విప్పి, గీకి, నెలల తరబడి రుద్ది రుద్ది, పొర మీద పొర వేసి, దాని ముందు నిలబడి గడ్డం గీసుకునేంత నున్నగా చేశాడు. పక్కన ఒక స్టూలు మీద నల్లకళ్ళద్దాల బ్రోకరు కూర్చుని ఉన్నాడు. వీధిలో ఏ షెడ్డులో ఏం జరిగినా సాయంత్రంలోపు మిగతా షెడ్లకు చేరవేయడం అతని అసలు వృత్తి. కార్ల బేరం పక్కపని.

"రండి రండి! ఇనుము దొరగారు వేంచేశారు. ఒరే బ్రోకరూ, లేచి నిలబడు, ఆయనకు కుర్చీ కంటే మన తల మీద కూర్చోవడమే అలవాటు," అన్నాడు పెయింటరు.

తాత అమ్మమ్మ వైపు తిరిగాడు. "మీ తమ్ముడు ఏం కూస్తున్నాడు?"

"రమ్మంటున్నాడు."

"ఇంతసేపూ రమ్మనే అన్నాడా?"

"మధ్యలో మీ గురించి నాలుగు మాటలున్నాయి. దారిలో పారేశాను."

తాత పని మొదలుపెట్టాడు. తలుపు తీసి వాసన చూశాడు. కొత్త రంగు, కొత్త సీటు గుడ్డ. తడి వాసన లేదు. మ్యాట్ లేపాడు. పొడిగా ఉంది. కన్నాల్లో వేలు పెట్టాడు. నల్లటి దుమ్ము. పెయింటరు ఆ రోజు కావాలని తెల్లచొక్కా వేసుకుని, ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు. తుడవడానికి ఏమీ లేక తాత ఆ వేలును తన పంచెకే తుడుచుకున్నాడు. ఆయనకు ఒళ్ళు మండింది.

బ్రోకరు ఊరుకోక, గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి కారు చుట్టూ తిప్పాడు. ప్రతిచోటా టక్కుమని అతుక్కుంది. "పుట్టీ ఎక్కడా లేదు పెద్దాయనా," అని ఆయన మొహం ముందుకొచ్చి అన్నాడు.

"అయస్కాంతానికేం తెలుసు? కుళ్ళిన ఇనుము మీద కొత్త రేకు అతికించినా వెళ్ళి ముద్దు పెట్టుకుంటుంది. దానికి బుర్ర లేదు. అందుకే నీకూ దానికీ అంత స్నేహం."

పుల్ల తీశాడు. దవడల మధ్య కరుచుకుని, తలుపు కింద పొడుగ్గా ఉండే ఇనుప గడపకు ఆనించి తట్టాడు.

గలగల.

తాత కనుబొమ్మలు లేచాయి. ఇంకొంచెం వెనక తట్టాడు. గలగల. మడ్‌గార్డు మీద గలగల. బానెట్ అంచున గలగల. తట్టినచోటల్లా డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు మోగింది. రంగు వేసేవాడు రేకుపనికి దిగితే ఇంతే! మొత్తం కారంతా రేకు మీద రేకు అతికించి పెట్టాడు! తాతకు వయసు సగం తగ్గిపోయినట్టయింది. గోడ లేచిన నాటినుంచి ఆయన ఎదురుచూసిన చప్పుడు అది. ఒక్కసారి పిన్ని మొహం కనిపించింది, చేతులు రెండూ బిగించి పట్టుకుని నిలబడి ఉంది. మనసులో ఎక్కడో చివుక్కుమంది. కానీ ఆ సంతోషం ముందు చివుక్కు ఎంతసేపు నిలబడుతుంది?

లేచి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, వీధికి వినిపించేలా అన్నాడు: "పోయింది! గడప పోయింది. మడ్‌గార్డు పోయింది. బానెట్ పోయింది. కుళ్ళు మీద కొత్త రేకు చుట్టి మేనకోడలికే అంటగడుతున్నాడు. పరాయివాడు కూడా ఇంత నీచానికి దిగడు."

పెయింటరు ఒంటికాలి మీద లేచాడు. "రేకు మీద రేకా? నేనా? నెలల తరబడి గోళ్ళు అరిగేలా గీకానే! ఒక్కచోట, ఒక్కచోట చూపించు! గుచ్చు! నోటితో అన్నావుగా, ఇక గుచ్చు!"

"మీ తమ్ముడు..."

"గుచ్చమంటున్నాడు," అంది అమ్మమ్మ.

"గుచ్చక వదిలిపెడతానా?"

గడప మధ్యలో, గలగల బాగా వినిపించిన చోట, స్క్రూడ్రైవరు మొన పెట్టి ఒంటిబలమంతా వేసి నెట్టాడు.

దిగలేదు.

ఇంకా గట్టిగా నెట్టాడు. మొన జారి, మీగడ రంగు మీద బెత్తెడు పొడుగున గీత గీసి, తాత మోచెయ్యి నేలకు కొట్టుకుంది. గీతలో నుంచి గట్టి ఇనుము తెల్లగా మెరిసింది.

బ్రోకరు నల్లకళ్ళద్దాలు తీసేశాడు. అతనికి కళ్ళుంటాయని వీధికి తెలిసింది ఆ రోజే.

పెయింటరు గోడకున్న మేకు వైపు చెయ్యి చూపించాడు. ఆ మాటకు మాత్రం అమ్మమ్మ సాయం అక్కర్లేకపోయింది.

తాత లేచాడు. గోడ దగ్గరకు నడిచి స్క్రూడ్రైవరు తగిలించబోతే, మొదటిసారి మేకు దొరకలేదు. రెండోసారికి దొరికింది. ఆయన మాట వీధిలో కాలుపెట్టిన నాటినుంచి ఒక్కసారి కూడా తప్పని తిరిగిరాలేదు. ఇప్పుడు వచ్చి, పగవాడి గోడకే వేలాడుతోంది.

"కారు బాగుందా, లేదా?" అంది పిన్ని. "ఎవరో ఒకరు చెప్పండి. నాన్న అబద్ధం చెప్పడు. గుచ్చితే దిగలేదు. మరి నేను కొనాలా, మానాలా?"

"మీ నాన్న నా మీద కసితో చెప్పాడమ్మా. చూశావుగా," అన్నాడు పెయింటరు. "పదండి పదండి, షెడ్డు ఖాళీ చేయండి. గీత గీసినంత సంబరం చాలు."

అప్పటిదాకా బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చున్న అమ్మమ్మ లేచి, చీర దులుపుకుని, తాత ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమండీ, నోరు తెరవండి."

"ఏమే, మతిపోయిందా? పద ఇంటికి."

"తెరవండి అంటున్నాను. ఆ కట్టుడు పళ్ళు తీసి చూడండి కారు."

ఇదే ఆ కొత్త వస్తువు. కొన్నాళ్ళ కిందట పిన్ని తాతను బలవంతంగా పళ్ళ డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళింది. కదిలిపోతున్న పళ్ళన్నీ పీకించి, కట్టుడు పళ్ళు పెట్టించింది. వెనకాల ఒక దవడ పన్నును మాత్రం తాత పీకనివ్వలేదు, డాక్టరు చెయ్యి కొరికినంత పని చేశాడు. ఆ పళ్ళు వచ్చాక ఆయన చూసిన మొదటి కారు ఇదే. వదులు పళ్ళ మధ్య పుల్ల బిగిస్తే కారు సంగతి ఎలా ఉన్నా ముందు పళ్ళే గలగలలాడతాయి కదా. ఆ ఆలోచన ఆయనకు ఎందుకు రాలేదంటారా? బావమరిది కారు కుళ్ళిపోయి ఉండాలని ఆయన అంతగా కోరుకున్నాడు మరి.

"పళ్ళకీ కారుకీ ఏంటక్కా సంబంధం?" అన్నాడు పెయింటరు.

"ఈయనకు చెవులు లేవురా. పళ్ళతో వింటారు."

తాత కళ్ళు ఎర్రబడ్డాయి. భార్య పెదాలను ఆయన కంటే బాగా చదివేవాడు లేడు. "ఇంటి గుట్టు వీధిలో పెడతావా?"

"మీ గుట్టు కాపాడుకుంటూ పిల్ల నోట్లో మట్టి కొట్టమంటారా? మీ మాట ఎలాగూ మేకుకు వేలాడింది. దాని బండి కూడా వేలాడాలా?"

పెయింటరు ఇవేమీ వినడం లేదు. నెమ్మదిగా స్టూలు మీద కూలబడ్డాడు. "చెవులు లేవా? ఎప్పటినుంచి?"

"మీరు గోడ కట్టిన నాటి నుంచే."

"అంటే... గోడ ఇవతల నుంచి నేను రోజూ..."

"ఒక్కటీ వినలేదు."

"ఆ 'తుప్పుడబ్బా మొహం' అన్నది?"

"ఊహూ."

"వాళ్ళ తాత రోడ్డు రోలరు కింద పుట్టాడన్నది? దానికోసం వారం ఆలోచించానక్కా!"

"అది నేను విన్నాను. బాగుంది."

"ఇన్నేళ్ళ తిట్లు," అన్నాడు పెయింటరు. గొంతులో నిజంగానే బాధ ఉంది. "రేకుల గోడను తిట్టుకున్నానా నేను?"

తాత పిన్ని వైపు చూశాడు. ఆ పళ్ళు తనే పెట్టించానని గుర్తొచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది చూడలేక తాత గోడ వైపు తిరిగి, పళ్ళు ఊడదీసి, రుమాలులో చుట్టి, దగ్గరలో ఉన్న చేతిలో పెట్టాడు. ఆ చెయ్యి బ్రోకరుది.

"జాగ్రత్త, కరుస్తాయి," అంది అమ్మమ్మ.

బుగ్గలు లోపలికి పోయిన తాత మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మిగిలిన ఒక్క దవడ పన్నుకూ కింది చిగురుకూ మధ్య పుల్ల ఇరికించి గడప తట్టాడు. పుర్రె నడుమ ఖంగుమంది. మడ్‌గార్డు, ఖంగు. బానెట్, ఖంగు. ఒక్కో ఖంగూ ఆయనకు చెంపదెబ్బలా తగులుతోంది. అయినా ఒక్క అంగుళం వదలకుండా పోయాడు. శత్రువు పని ఇంత బాగుంటుందని వినడానికేనా ఆ ఒక్క పన్ను కాపాడుకున్నది? డోర్లు అయిపోయాయి. డిక్కీ తెరిపించి, సగం ఒళ్ళు లోపలికి దూర్చాడు.

అక్కడ కుడివైపు, చక్రం పైన గూడులా లేచిన రేకు అడుగంచున, పుల్ల మీద చప్పుడు ఆగిపోయింది. ఖంగు లేదు, గలగల లేదు. తడిసిన అట్ట మీద కొట్టినట్టు మెత్తగా చచ్చింది. తాత చుట్టూ తట్టి, వేలు తడి చేసుకుని అరచేతంత సున్నా గీసి, చెయ్యి వెనక్కి చాచాడు. స్క్రూడ్రైవరు కోసం. చాచాక గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

అమ్మమ్మ వెళ్ళి గోడ మీది స్క్రూడ్రైవరు తీసింది.

"అమ్మా, అది తగిలించేశారు. ఇక తీయకూడదు," అన్నాడు బ్రోకరు.

"తగిలించింది ఆయన. నేను ఇంతవరకు గుచ్చనే లేదు. ఆడవాళ్ళు గుచ్చకూడదని ఎక్కడైనా ఉందా?"

చేతిలో ఒకరి పళ్ళు పట్టుకున్నవాడికి వాదించే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

అమ్మమ్మ డిక్కీలోకి వంగి, "ఇక్కడ పోయింది" అని గట్టిగా చెప్పి, గుచ్చింది. పిడిదాకా దిగింది. లాగితే టీ పొడిలాంటిది జలజలా రాలింది. పెయింటరు పరుగున వచ్చి తల దూర్చాడు. కన్నంలోంచి తన షెడ్డు నేల, దానిమీది నీలం రంగు మరకతో సహా కనిపించింది.

వెనకద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండిపోయి, నీళ్ళు లోలోపలే కారి, అక్కడ చేరాయి. పైకి మాత్రం రంగు బ్రహ్మాండంగా పట్టింది.

"నేను ఇది చూడలేదు," అన్నాడు పెయింటరు. తల దించుకుని, "రంగు పట్టింది కదా అని లోపల చూడలేదు," అన్నాడు. ఈసారి అమ్మమ్మ ఆ మాటను దారిలో పారేయకుండా తాత చెవిలో పూర్తిగా అప్పజెప్పింది.

అందరూ తాత వంక చూశారు. తాత పుల్ల నోట్లోంచి తీసి, తుడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆయన మొహం చేదుమందు గొంతులో ఇరుక్కున్న పసివాడి మొహంలా అయింది.

"బతుకుతుంది," అన్నాడు.

పిన్ని అక్కడే, ఆ గీత పక్కనే, నేల మీద కూర్చుండిపోయింది.

"ఆ గూడు కోసి కొత్త రేకు వేయాలి. నేనే వేస్తాను. ఈ వీధిలో ఇంకెవడికీ రాదు. నా మాట తప్పయింది, నా పని తప్పు కాదు. నీ తమ్ముడితో చెప్పు, నేను అతుకుతున్నప్పుడు పుట్టీ డబ్బా దీని దరిదాపుల్లో కనిపిస్తే చెయ్యి విరుస్తాను."

"అక్కా, మీ ఆయనతో చెప్పు, నా రంగు మీద ఒక్క నిప్పురవ్వ పడిందా, మిగిలిన ఆ ఒక్క పన్నూ నేనే పీకుతాను."

ఆ పని అలాగే జరిగింది. తాత డిక్కీలో, పెయింటరు తడిగోనెలు పట్టుకుని రంగుకు కాపలాగా బయట, మధ్యలో అమ్మమ్మ తిట్లు మోస్తూ. పని పూర్తయ్యాక ఆ గూడుకు రంగు వేసిన పెయింటరు, గడప మీది గీతకు మాత్రం వేయలేదు. పిన్ని ఎంత బతిమాలినా వినలేదు. "ఉండనీ. ఇది గట్టి కారని మీ నాన్న పెట్టిన సంతకం అది," అన్నాడు. పిన్ని ఇప్పుడు ఆ గీతతోనే తిరుగుతోంది. కెమెరా వాళ్ళు బండిని రెండో వైపు నుంచే తీస్తారు.

స్క్రూడ్రైవరును తాతే మళ్ళీ ఆ మేకుకు తగిలించి వచ్చాడు. కట్టుబాటు కట్టుబాటే. బ్రోకరు సాయంత్రానికల్లా తన వృత్తిధర్మం నిర్వర్తించాడు, వీధంతా తెలిసింది. ఇప్పుడు కార్లు కొనేవాళ్ళు ఇంటికొచ్చి, "అమ్మమ్మగారు ఉన్నారా?" అని అడుగుతున్నారు. కొత్త స్క్రూడ్రైవరు ఆవిడ సంచిలో ఉంటుంది. ముందు ఆవిడ నడుస్తుంది, వెనక తాత పుల్ల పట్టుకుని నడుస్తాడు. పని ఉన్న రోజున పళ్ళు ఇంట్లో గ్లాసులో ఉంటాయి. తీర్పు ఆయన మొహం చూసి ఆవిడ చెబుతుంది. "నా పన్ను, ఈవిడ పేరు" అని తాత గొణుగుతాడు, కానీ ఒక్క బేరమూ మానడు.

పెయింటరు ఒకరోజు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరో కొత్త మనిషి అనుకుని అమ్మమ్మ "ఎవరు కావాలి?" అని అడిగింది. మీసం లేదు. పూర్తిగా గీయించేసుకున్నాడు. తాత ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, పెదాలు స్పష్టంగా తిప్పుతూ, గోడ కట్టిన రోజు నాటి తిట్టుతో మొదలుపెట్టాడు. తాత కళ్ళార్పకుండా చూశాడు. అయ్యాక జవాబిచ్చాడు. అప్పటినుంచి రోజూ వస్తున్నాడు. ఇంకా రోడ్డు రోలరు దాకా రాలేదు, వరసలో వెళ్తున్నారు.

ఇదంతా రాసి, ఎడమ చెవి దగ్గర కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా తాతకు అరిచి చదివాను. వింటున్నంతసేపూ పుల్ల కొరుకుతూనే ఉన్నాడు. చదవడం అయ్యాక పుల్ల తీసి అన్నాడు:

"భూమి సంగతి ఉంచు. పళ్ళ సంగతి కొట్టెయ్."